ఇంటి పన్ను నోటీసుకు జవాబు రాద్దాం

(మల్దకల్ మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సీడు పత్తి పైసల గురించి, నెట్టెంపాడు నీళ్ల గురించి మాట్లాడుకుందామని మీరంతా వచ్చారు. అవి ఎట్లాగూ మాట్లాడతాం, మధ్యాహ్నం బువ్వ తిన్నాక వాటికి టైము పెట్టుకున్నాం. ముందుగా ఇంకో సంగతి. ఈ రెండు నెలల్లో సంఘం దగ్గరికి వచ్చిన కాగితాలు చూస్తే పొలం కాగితాల కంటే ఇంటి కాగితాలే ఎక్కువ. మార్చి 31 దగ్గరపడుతోంది. పంచాయతీల్లో పన్ను వసూళ్లు జోరు మీదున్నాయి. నోటీసు చేతికి రాగానే కొందరు తిట్టుకుంటూ కట్టేస్తున్నారు. కొందరు చించి పొయ్యిలో వేస్తున్నారు. ఈ రెండూ కాక చేయదగ్గ పని ఇంకొకటుంది. ఆ నోటీసుకు జవాబు రాయడం.

ఇంటి పన్ను రైతు సంఘం పనేనా అని మన కమిటీలోనే ఒకరిద్దరు అడిగారు. అడగాల్సిన మాటే. కానీ మన ఇండ్లు ఎట్లుంటాయో మనకు తెలుసు. వేరుశనగ ఇంట్లోనే పోస్తాం, పత్తి ఇంట్లోనే తొక్కి పెడతాం, ఎద్దులు వాకిట్లోనే కడతాం, డ్రిప్పు పైపులు, మందు డబ్బాలు, కాలిపోయిన మోటరు అన్నీ పంచలోనే పడుంటాయి. రైతు ఇల్లు సగం గోదాము, సగం కొట్టం. దాన్ని పట్నం ఇంటిని కొలిచినట్టు కొలిస్తే దెబ్బ మనకే. పైగా ఆబాదీలో ఉన్న ఇంటికి పొలానికి ఉన్నట్టు పాసుబుక్కు లేదు. మనలో చాలామందికి తన ఇంటి గురించి చేతిలో ఉన్న సర్కారు కాగితం ఇంటి పన్ను రసీదు ఒక్కటే. కరెంటు మీటరుకు అదే చూపిస్తాం, బ్యాంకులో అదే చూపిస్తాం. రసీదు ఉన్నంత మాత్రాన అది హక్కు పత్రం అయిపోదని కోర్టులు చాలాసార్లు చెప్పాయి, నిజమే. కానీ ఆ రసీదు మీద పేరు తప్పుంటే, కొలత తప్పుంటే, రేపు అన్నదమ్ముల పంపకాల నాడు అదే తప్పు ముందుకొచ్చి కూర్చుంటుంది.

అప్పీలు అనే మాట విలువ మనకు భూమి విషయంలో బాగా తెలిసొచ్చింది. 2020లో తెచ్చిన భూ హక్కుల చట్టం కింద ధరణిలో తప్పు పడితే, రెవెన్యూలోనే పై అధికారికి అప్పీలు చేసుకునే దారి లేకుండా పోయింది. సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. పది గుంటల కోసం కోర్టు మెట్లెక్కే శక్తి ఎవరికుంటుంది? తహసీలు ఆఫీసు చుట్టూ తిరిగి చెప్పులరిగినవాళ్లు ఈ సభలోనే యాభై మంది లేస్తారు. 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చాక అప్పీలు దారి చట్టంలో మళ్లీ పెట్టారు. అది ఎంత బాగా నడుస్తుందో వేరే చర్చ. ఇంటి పన్నులో మాత్రం అభ్యంతరం చెప్పుకునే దారి ఎప్పుడూ మూసుకుపోలేదు. దాన్ని వాడేవాళ్లే లేరు.

రాజ్యాంగం 265వ అధికరణం ఒక్క వాక్యమే. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఏ పన్నూ వేయకూడదు, వసూలు చేయకూడదు అని. పంచాయతీకి పన్ను వేసే అధికారం ఉంది, దాన్ని మనం కాదనడం లేదు. కానీ ఆ అధికారం చట్టంలో రాసినంత మేరకే. అందుకని నోటీసు చూడగానే మొట్టమొదట అడగాల్సింది "ఎంత వేశారు" అని కాదు, "దేనికి వేశారు" అని.

పంచాయతీరాజ్ చట్టంలో ఇల్లు అంటే ఏమిటో రాసి ఉంది. మనుషులు ఉండడానికో, వేరే వాడకానికో పనికొచ్చే కట్టడం గానీ గుడిసె గానీ, అందరూ నడిచే బాట నుంచి దానికి వేరుగా ఒక తలవాకిలి ఉండాలి. దుకాణం, వర్క్‌షాపు, గోదాము, బస్సులు పెట్టుకునే షెడ్డు ఇవన్నీ ఇల్లు కిందికే వస్తాయి. కోళ్ల షెడ్డు, డెయిరీ షెడ్డు వస్తాయి. పశువుల కొట్టం కూడా వస్తుంది. కానీ అక్కడ ఒక మినహాయింపు రాసి పెట్టారు, చెవులు పెట్టి వినండి: వ్యవసాయ భూమిలో ఉన్న పశువుల కొట్టం ఇల్లు కాదు. ఊర్లో ఇంటి పక్కన కట్టిన కొట్టానికి పన్ను వేయొచ్చు. పొలంలో వేసుకున్న కొట్టానికి ఇంటి పన్ను లేదు. ఈ నాలుగు మాటలు మనలో చాలామందికి తెలియవు, కొలతకు వచ్చిన పిల్లలకూ తెలియవు.

మన మండలంలోనే ఒక ఊరు, పేరెందుకు గానీ, అక్కడ ఒక రైతన్నకు పోయినేడు రెండు ఇండ్లకు నోటీసు వచ్చింది. ఉన్నది ఒక్కటే ఇల్లు. రెండోది ఏమిటని చూస్తే, చేనులో రెండు బర్రెలకు వేసుకున్న రేకుల కొట్టం. మేము అర్జీ రాసి, పాసుబుక్కు నకలు, సర్వే నంబరు, కొట్టం ఫోటో జతచేసి ఇచ్చాం. పంచాయతీలో ఏమన్నారంటే, "అందులో మంచం ఉంది కదా, మంచం ఉంటే మనుషులు ఉన్నట్టే కదా" అని. ఏం చెప్పాలి? అడవి పందులు వేరుశనగ తవ్వుకుపోతుంటే రైతు రాత్రి కావలి పడుకోడా? మంచం ఉన్న చోటల్లా ఇల్లు అంటే మంచె కూడా ఇల్లే అవుతుంది. ఇదే మాటను కొంచెం మర్యాదగా కాగితం మీద పెట్టి మండల పంచాయతీ అధికారికి ఇచ్చాం. ఆయన చేనుకు మనిషిని పంపించి చూపించుకున్నారు. రెండు నెలలు పట్టింది గానీ ఆ నంబరు తీసేశారు. ఆ రైతన్న నోటిమాటతో పోయుంటే ఈ రోజుకు కూడా కడుతూనే ఉండేవాడు.

సీడు పత్తి వేసేవాళ్లకు ఇందులో ఒక హెచ్చరిక ఉంది. చేనులో పత్తి ఆరబోసుకోవడానికి, కూలీలకు నీడకు షెడ్లు వేస్తున్నారు. మినహాయింపు పశువుల కొట్టానికి ఉంది, ప్రతి షెడ్డుకూ ఉందని అనుకోవద్దు. గోదాము అని రాస్తే దాని లెక్క వేరే పోతుంది. మీ షెడ్డు దేనికి వాడుతున్నారో నిజం రాయండి. ఏడాదికి రెండు నెలలు పంట పెట్టుకుని మిగతా పది నెలలు బర్రెలు కట్టేస్తే అదే రాయండి. చూసి తేల్చమని అడగండి.

ఇంకొక అవ్వ కథ వేరే. ఆమెది మట్టి మిద్దె. దూలాలు, దంతెలు, పైన చౌడు మట్టి. ఏటా వానాకాలం ముందర మట్టి ఎత్తిపోసుకుంటే గానీ ఉరవకుండా ఉండదు. ఆమెకు స్లాబు ఇంటి లెక్కన పన్ను పడింది. "నా మట్టి మిద్దె ఎప్పుడు స్లాబయింది నాయనా, నాకు చెప్పకుండా ఎవరు పోశారు?" అని ఆమె సంఘం కాడికి వచ్చి అడిగింది. మేము నవ్వాం, ఆమె నవ్వలేదు. రిజిస్టరు తీయిస్తే అర్థమైంది. 2020 అక్టోబరులో ధరణి కోసమని ఊరూరా ఇండ్ల వివరాలు హడావుడిగా రాసుకున్నారు కదా, అప్పుడు ఆమె మిద్దె అని చెప్పింది. మన నడిగడ్డలో మిద్దె అంటే మట్టి కప్పు ఇల్లు. వేరే జిల్లాల నుంచి వచ్చినవాళ్లకు మిద్దె అంటే మేడ. రాసుకున్న మనిషి పక్కా ఇల్లు అని కొట్టాడు, కంప్యూటరు దాన్ని స్లాబు చేసింది. ఒక్క మాట తేడా. ఫోటో పెట్టి, ఇంటి లోపలి దూలాలు కనిపించేట్టు ఇంకో ఫోటో పెట్టి ఇచ్చాక మార్చారు. అందుకే చెప్తున్నాం, కొలతకు వచ్చినవాళ్లతో మిద్దె అని ఊరుకోవద్దు, మట్టి కప్పు అని చెప్పండి. బండల కప్పు ఉంటే బండలు అనండి, రేకులుంటే రేకులు అనండి. రాసుకున్నాక ఏం రాశారో చదివి వినిపించమనండి.

ఇప్పుడు లెక్క సంగతి. ఇంటి పన్నుకు చట్టంలో ముఖ్యంగా రెండు దార్లున్నాయి. ఒకటి వార్షిక అద్దె విలువ, అంటే ఆ ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుందో దాని మీద. రెండోది మూలధన విలువ, అంటే ఆ ఇంటి ఖరీదు ఎంతో దాని మీద. మన పల్లెల్లో అద్దెకు ఎవరు తీసుకుంటారు, అందుకని ఖరీదు లెక్కే ఎక్కువ నడుస్తుంది. ఖరీదు కట్టాలంటే మూడు సంగతులు చూడాలి. ఎంత జాగాలో కట్టారు, కప్పు గోడలు ఏ రకం, ఎన్నేండ్ల పాతది. ఈ మూడింట్లో ఏది తప్పినా పన్ను తప్పుతుంది.

ఎక్కువ తప్పులు మొదటిదాంట్లోనే చూశాం. గజాలకు, అడుగులకు మధ్య గోల. చదరపు గజం అంటే 9 చదరపు అడుగులు. మీ జాగా 200 గజాలు అనుకుందాం, అంటే 1,800 చదరపు అడుగులు. అందులో ఇల్లు 18 అడుగులకు 30 అడుగులు, అంటే 540 చదరపు అడుగులే. మిగిలింది వాకిలి, గడ్డివాము, పేడదిబ్బ. కొలిచేవాళ్లు జాగా మొత్తాన్ని కట్టడం కింద రాసేస్తే మూడింతలకు పైగా పెరుగుతుంది. పోయిన నెల మేము చూసిన నోటీసుల్లో ఇదే తప్పు మళ్లీ మళ్లీ కనిపించింది. కొన్నింట్లో చదరపు మీటర్ల గళ్లో అడుగుల అంకె వేశారు, ఒక చదరపు మీటరుకు దాదాపు 10.76 అడుగులు. మీరే చెప్పండి, ఎంత తేడా వస్తుందో. ఇంటి పన్ను పెరిగితే అదొక్కటే పెరగదు కూడా. గ్రంథాలయ సెస్సు రూపాయికి 8 పైసలు దాని మీదే పడుతుంది. ఇంటి పన్ను 1,000 అయితే సెస్సు 80. మన ఊర్లో గ్రంథాలయం ఎక్కడుందో చెప్పమంటే చూపించలేని ఊర్లు ఎన్నో ఉన్నాయి, ఆ మాట ఇంకోసారి మాట్లాడదాం.

అన్నదమ్ములు వేరుపడ్డ ఇండ్ల దగ్గర ఇంకో చిక్కు. రెండు పొయ్యిలు ఉన్నాయని రెండు ఇండ్లుగా రాసేస్తున్నారు. చట్టం పొయ్యిని అడగలేదు, బాటకు వేరుగా తలవాకిలి ఉందా అని అడిగింది. ఒకే తలవాకిలి నుంచి ఇద్దరూ పోతుంటే ఆ మాట అర్జీలో రాయండి, వాకిలి ఫోటో పెట్టండి. రెండు నంబర్లే కావాలి, వేరు ఇల్లు అని చూపించుకోవాలి అనేవాళ్లు కూడా మనలో ఉన్నారు. వాళ్లు ఇద్దరూ కూర్చుని ముందే మాట్లాడుకోవాలి. ఒకరు ఒకటే ఇల్లు అని, ఇంకొకరు రెండిండ్లని అర్జీలు ఇస్తే సంఘం ఏ అర్జీకి సంతకం పెట్టాలి?

అర్జీ ఎట్లా రాయాలంటే, పెద్ద చదువు అక్కర్లేదు. మేము కూడా హైస్కూలు దాటినవాళ్లం కాదు. నోటీసు మీ చేతికి వచ్చిన తారీఖు దాని వెనకాల రాసిపెట్టుకోండి. గడువు నోటీసులోనే ఉంటే ఆ లోపల, లేకపోయినా 15 రోజుల లోపల ఇచ్చేయాలని మన సంఘం పెట్టుకున్న కట్టుబాటు. కాగితం పంచాయతీ కార్యదర్శి పేర రాయండి. మీ పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, అసెస్‌మెంటు నంబరు. పోయినేడు పన్ను ఎంత, ఈ ఏడు ఎంత. తప్పు ఎక్కడుందో ఒక్కటే రెండు వాక్యాల్లో. "నా ఇల్లు 540 చదరపు అడుగులు, మీ రిజిస్టరులో 1,800 అని ఉంది, నా సమక్షంలో మళ్లీ కొలిచి సరిచేయగలరు" అంతే. అన్యాయం, అక్రమం, దోపిడీ అని రెండు పేజీలు రాయొద్దు. ఆ మాటలు మనకు ధర్నాకు పనికొస్తాయి, కొలతకు పనికిరావు. "నా సమక్షంలో" అన్న మాట మాత్రం మర్చిపోవద్దు. అన్నిటికంటే పెద్ద పని ఆ మాటే చేస్తుంది. రెండు కాపీలు తీసుకుపోయి ఒక దాని మీద అందినట్టు సంతకం, తారీఖు, ముద్ర వేయించుకోండి. ముద్ర లేని అర్జీ ఇచ్చినట్టు కాదు.

అది తేలేదాకా పన్ను కట్టకుండా కూర్చోవద్దని మా సలహా. పోయినేటి లెక్కన ఎంతో అంత కట్టి రసీదు తీసుకోండి. "మిగతాది అభ్యంతరంలో ఉంది" అని అర్జీలో రాయండి. అట్లా చేస్తే మిమ్మల్ని ఎగవేతదారు అని ఎవరూ అనలేరు.

రిజిస్టరులో ఏముందో చూపించమంటే కొందరు చూపిస్తారు, కొందరు రేపు మాపు అంటారు. అట్లా అంటే సమాచార హక్కు చట్టం ఉంది, 2005 నుంచి ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు దరఖాస్తు ఫీజే లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మీ ఇంటి అసెస్‌మెంటు రిజిస్టరు పేజీ నకలు, కొలత ఎవరు ఎప్పుడు తీశారు, ఏ రేటు వేశారు, ఈ మూడు అడగండి. నిజం చెప్పాలంటే ఈ దరఖాస్తు పెట్టిన తర్వాత సగం కేసులు కొలత దాకా కూడా పోలేదు, రిజిస్టరు తెరవగానే తప్పు వాళ్లకే కనిపించింది.

పంచాయతీలో తేలకపోతే మండల పంచాయతీ అధికారి, ఆపైన డివిజనల్ పంచాయతీ అధికారి, జిల్లా పంచాయతీ అధికారి ఉన్నారు. గద్వాలలో కలెక్టరేటులో సోమవారం ప్రజావాణి ఉంది. కానీ కింద ముద్ర వేయించుకున్న కాపీ లేకుండా ప్రజావాణికి పోతే, తిరిగి మీ పంచాయతీకే రాసి పంపిస్తారు. బస్సు కిరాయి దండగ. మెట్టు మెట్టుగా పోవాలి.

సర్పంచుకు చెప్తే తగ్గిస్తాడు కదా అని అనేవాళ్లకు ఒక మాట. 2019 జనవరిలో గెలిచిన సర్పంచుల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో అయిపోయింది. తర్వాత దాదాపు రెండేండ్లు ప్రత్యేకాధికారులే నడిపారు. అప్పుడు నోటిమాటతో తగ్గించుకున్న పన్నులన్నీ మళ్లీ పాత అంకెకే లేచి కూర్చున్నాయి. రిజిస్టరులో మారనిది మారినట్టు కాదు. 2025 డిసెంబరు ఎన్నికల్లో కొత్త సర్పంచులు, వార్డు మెంబర్లు వచ్చారు, సంతోషం. వాళ్లను తగ్గించమని బతిమాలొద్దు. గ్రామసభ పెట్టి ఇండ్ల జాబితా చదివించమని అడుగుదాం. 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. జాబితా అందరి ముందర చదివితే ఎవరి మేడ గుడిసెగా రాశారో, ఎవరి గుడిసె మేడగా రాశారో ఊరే చెప్తుంది.

అవును, ఆ రెండో రకం కూడా ఉంది, దాన్ని దాచిపెట్టి మాట్లాడితే మన మాటకు విలువ ఉండదు. పోయిన నెల ఒకాయన వచ్చి నా పన్ను ఎక్కువైంది, సాయం చేయండి అన్నాడు. కొలవడానికి పోయాం. రిజిస్టరులో కింది ఇల్లే ఉంది, ఆయన పైన ఇంకో అంతస్తు వేసి మూడేండ్లయింది. నిజం లెక్క కడితే ఆయన పన్ను ఇంకా పెరుగుతుంది. సంఘం అర్జీ రాయలేదు. ఆయనకు కోపమొచ్చింది, సభ్యత్వం రసీదు టేబులు మీద పెట్టి పోయాడు. పోనీండి. ఆయన ఎగ్గొట్టిన పన్ను మట్టి మిద్దె అవ్వ నెత్తిన పడుతుంటే మనం ఎవరి పక్కన ఉండాలి?

కార్యదర్శుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2018లో 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శుల పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి పిల్లలను తీసుకున్నారు. మోరీలు వాళ్లే, మొక్కలు వాళ్లే, చెత్త బండి వాళ్లే, జనన మరణాలు వాళ్లే, మార్చి వచ్చేసరికి వసూళ్ల టార్గెట్టు కూడా వాళ్ల మీదే. తప్పు కొలత వాళ్లు కావాలని రాసింది కాదు చాలాచోట్ల, ఎప్పుడో ఎవరో రాసిన అంకెను మోస్తున్నారు. వాళ్ల మీద అరవొద్దు. అమ్మా, బిడ్డా అని పిలిచి, కాగితం చేతికిచ్చి, ముద్ర మాత్రం వదలకుండా తీసుకోండి.

కమిటీలో యువకులు కొందరు అసలు పన్నే కట్టొద్దు, చీరాల పేరాలలాగా చేద్దాం అన్నారు. ఆ పేరు ఎత్తినందుకు సంతోషం, ఆ సంగతి పూర్తిగా తెలుసుకుందాం. 1919లో మద్రాసు సర్కారు చీరాల, పేరాల కలిపి మున్సిపాలిటీ చేసింది. అంతకుముందు ఏడాదికి 4,000 రూపాయలు కట్టే జనం మీద దాదాపు 40,000 భారం వచ్చి పడింది. ఎక్కువమంది మగ్గం మీద బతికే నేతగాళ్లు. వాళ్లు మొదట అర్జీలే పెట్టారు. సర్కారు వినలేదు. పన్ను కట్టనని నిలబడి జైలుకు పోయినవాళ్లలో ఒక ఆడమనిషి కూడా ఉంది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట నడిచి 1921లో ఊరు ఖాళీ చేశారు, ఊరి బయట రామనగర్ అని పేరు పెట్టుకుని గుడిసెల్లో దాదాపు 11 నెలలు ఎండకు వానకు బతికారు. అది పరాయి సర్కారు అడగకుండా నెత్తిన పెట్టిన మున్సిపాలిటీ మీద పోరాటం. మనం కట్టే పన్ను మన ఊరి మోరీకి, మన వీధి లైటుకు పోవాల్సింది. మన తగాదా పన్ను ఉండడం మీద కాదు, కొలత మీద. ఊరు వదిలేంత పని మనకు రాలేదు, ఊర్లోనే కూర్చుని టేపు పట్టుకునే పని వచ్చింది.

మనకు దగ్గరి కథ గుంటూరుది. అక్కడ ఇంటి పన్ను కట్టేవాళ్లు గుంటూరు టౌన్ రేట్ పేయర్స్ అసోసియేషన్ అని సంఘం పెట్టుకుని, మున్సిపాలిటీ ఇష్టమొచ్చిన అద్దె ఊహించుకుని పన్ను వేయడం చెల్లదని కోర్టుకు పోయారు. సుప్రీంకోర్టు దాకా పోయింది. 1970లో కోర్టు ఏం చెప్పిందంటే, అద్దెల నియంత్రణ చట్టం ఉన్న చోట ఆ చట్టం ప్రకారం న్యాయమైన అద్దె ఎంతో, పన్ను లెక్కకు కూడా దాన్నే పట్టుకోవాలి, ఆ అద్దెను అధికారి ముందుగా ఖరారు చేసి ఉండకపోయినా సరే అని. పల్లెలో ఖరీదు లెక్కన వేసే పన్నుకు ఈ తీర్పు నేరుగా పనికిరాదు, దాన్ని పట్టుకుని పంచాయతీలో వాదించొద్దు. అంతకు కొద్దికాలం ముందర కేరళ నుంచి వచ్చిన ఇంకో కేసులో, ఇల్లు ఏ రకం, ఎక్కడుంది, దేనికి వాడుతున్నారు అని చూడకుండా ఉత్త వైశాల్యాన్ని బట్టి అందరికీ ఒకే పన్ను వేయడం సమానత్వం కాదని సుప్రీంకోర్టు ఆ చట్టాన్నే కొట్టేసింది. మట్టి మిద్దెకు, స్లాబుకు అడుగుకు ఒకే రేటు వేసిన చోట ఈ మాట మనకు బలం.

గద్వాల, అయిజ, అలంపూర్, వడ్డేపల్లి పట్టణాల్లో ఇండ్లున్నవాళ్లు కూడా ఈ సభలో ఉన్నారు. మీకు వేరే చట్టం, 2019 మున్సిపల్ చట్టం. అందులో ఇంటి యజమానే తన ఇంటి కొలత రాసిచ్చే పద్ధతి పెట్టారు. తక్కువ రాసి పట్టుబడితే తేడా మీద 25 రెట్లు జరిమానా. మీ సేవ దగ్గర కూర్చున్న పిల్లవాడితో అంకెలు నింపించుకుని సంతకం పెట్టి రావొద్దు. ముందు ఇంటి దగ్గర టేపు పెట్టి కొలుచుకుని, అంకెలు చీటీ మీద రాసుకుని పోండి. ఎక్కువ వేశారని నోటీసు వస్తే కమిషనరుకు రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టాలి, పద్ధతి ఇందాక చెప్పిందే.

ఇప్పుడు మనం చేయబోయే పని. వచ్చే నెల మొదటి గురువారం నుంచి ప్రతి గురువారం పొద్దున పది గంటలకు ఇక్కడే కూర్చుంటాం. ముగ్గురు పిల్లలు కొలత నేర్చుకున్నారు, ఇద్దరు అర్జీలు రాస్తారు. అర్జీకి పైసా తీసుకోం, జిరాక్సు ఖర్చు మాత్రం మీదే. ఒంటరి ఆడవాళ్లు, ముసలివాళ్లు ఉన్న ఇండ్లకు మేమే వచ్చి కొలుస్తాం, పేర్లు ఈ రోజే రాయించండి. వచ్చేటప్పుడు ఈ ఏటి నోటీసు, పోయినేటి రసీదు, ఆధారు నకలు, ఇల్లు తండ్రి పేర ఉంటే మరణ పత్రం తెండి. చేనులో కొట్టం ఉంటే పాసుబుక్కు నకలు కూడా. టేపు మా దగ్గరుంది.